చవుటినాడు: బల్ల మీద ఒక పాడు తీరం

జనవరి 5

మా మేనకోడలికి ఒక లోకం ఉంది. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టింది, ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. నలుగురు స్నేహితురాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ కథ నడుపుకొనే ఆట అది. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్ళు అందులో పాత్రలవుతారు. ఆ లోకంలో ఆరు దేశాలు. అయిదింటికి పటాలు, రాజులు, పన్నులు, పండుగలు అన్నీ అమరాయి. ఆరోదానికి నోటుపుస్తకంలో ఒకే వాక్యం ఉంది: "తూర్పున ఎవరూ వెళ్ళని తీరం."

పండక్కి ముందే కావలి వచ్చి ఆ పుస్తకం నా ముందు పెట్టింది.

"మామయ్యా, దీనికి నమూనా చేసిపెట్టాలి. గోడకు తగిలించే పటం కాదు, బల్ల మీద పెట్టుకొనేది. వేసవి సెలవుల్లో ఆట అక్కడే."

లేఅవుట్లకు ప్లాన్లు గీయడం నా పని. ముప్ఫై అడుగుల రోడ్డు, నలభై అడుగుల రోడ్డు, ఎన్నటికీ రాని పార్కు గీసి గీసి చెయ్యి మొద్దుబారింది. ఎవరూ కొనని నేలను గీయమని అడిగిన మనిషి ఈమె ఒక్కతే. ఒప్పుకున్నాను.

జనవరి 6

మొదటి రోజే పేచీ. ఆమె తెచ్చిన చిత్తుపటంలో నల్లటి కొండచరియలు ఉన్నాయి, వాటి పాదాల దగ్గర నురగలు కక్కే సముద్రం, అంతటా మంచు, ఆకురాలిన చెట్టు మీద కాకి.

"ఈ మంచు ఎక్కడిది?"

"దిగులుగా ఉండాలి కదా మామయ్యా."

"దిగులుకు మంచెందుకు? మే నెల మధ్యాహ్నం రెండింటికి తుమ్మలపెంట దారిలో ఎప్పుడైనా నిలబడ్డావా?"

నిలబడలేదట. బండి మీద తీసుకెళ్ళాను. జనవరి కాబట్టి ఎండ దయగానే ఉంది. ఊరు దాటి, బకింగ్‌హాం కాలువ దాటాక నేల చదునైపోతుంది. మనవైపు సముద్రం ఎదురుగా వచ్చి నిలబడదు. ముందు హోరు వినిపిస్తుంది, తరవాత పెదవి మీద ఉప్పు తగులుతుంది. ఇసుక దిబ్బ ఎక్కితే గాని నీళ్ళు కనిపించవు. ఎక్కి వెనక్కి తిరిగితే ఇటూ అటూ ఒకే ఎత్తు నేల, అక్కడక్కడా తాడిచెట్లు, సర్కారు తుమ్మ పొదలు, మధ్యమధ్య ఏదీ మొలవని తెల్లటి మరకలు. కన్ను ఆగడానికి చోటు దొరకదు.

అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు ఆమె. తరవాత పటంలో కొండచరియలను కొట్టేసింది. కాకిని మాత్రం ఉంచుకుంది.

తిరుగుదారిలో ఇద్దరం ఒక నియమం పెట్టుకున్నాం. ఈ దేశంలో ఏది పాడుబడినా దానికి కారణం చెప్పగలగాలి. చెట్టు లేకపోతే ఎందుకు లేదో, రేవు లేకపోతే ఎందుకు పోయిందో చెప్పాలి. "శాపం తగిలింది" అనడానికి వీల్లేదు.

పేరుకు ముందు ఊసరనాడు అనుకున్నాం. ఊసరం అంటే ఉప్పు నేల, సంస్కృతం, గంభీరంగానే ఉంది. కానీ స్నేహితురాళ్ళకు ఫోనులో చెప్పగానే అవతల అందరూ ఊసరవెల్లి అని నవ్వారట. మన ప్రాంతానికి పాతకాలంలో పాకనాడు అని పేరు కదా, ఆ దారిలోనే చవుటినాడు అని పెట్టాం. చవుడంటే ఎవరికీ అర్థం చెప్పక్కరలేదు.

జనవరి 19

కొలతలు. అటక మీద ఉన్న పాత తలుపు చెక్కకు బదులు పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొన్నాను. పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 90. ఒక సెంటీమీటరు వంద మీటర్లకు సమానం అనుకుంటే 18 కిలోమీటర్ల తీరం, 9 కిలోమీటర్ల లోతు. అందులో మూడు కిలోమీటర్లు సముద్రానికి పోతే ఆరు కిలోమీటర్ల నేల మిగులుతుంది.

ఇంతవరకు సుఖంగానే ఉంది. ఎత్తుల దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగింది. కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున నేల లేస్తుందనుకుంటే, పడమటి అంచున ఎత్తు ఆరు మీటర్లు. ఒడ్డున ఇసుక దిబ్బ కూడా ఆరు మీటర్లే. నమూనాలో అది 0.6 మిల్లీమీటరు, అంటే పెళ్ళి శుభలేఖ మందం. ఇరవై మీటర్ల తాడిచెట్టు రెండు మిల్లీమీటర్లు. మొత్తం దేశాన్ని ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

ఎత్తును మాత్రం పది రెట్లు పెంచి ఒక ముక్క చేసి చూపించాను. "ఇది కొండ" అని తోసేసింది. మొన్నటిదాకా కొండచరియలు కావాలన్న మనిషే! అయిదు రెట్ల దగ్గర రాజీ కుదిరింది. దిబ్బ మూడు మిల్లీమీటర్లు, తాడిచెట్టు సెంటీమీటరు. ఈ లెక్కలో ఒక మిల్లీమీటరు మందం ఉన్న అట్ట పొర ఒక్కొక్కటి రెండు మీటర్ల ఎత్తుకు సరిపోతుంది. మూడు అట్టలు ఒకదాని మీద ఒకటి, అంతే దేశం. నా ఉద్యోగంలో ఇంత తక్కువ సామానుతో ఇంత భూమిని ఎన్నడూ తయారు చేయలేదు.

దిబ్బలకు నిజమైన ఇసుక వాడదామంది. రేణువు అర మిల్లీమీటరు ఉన్నా, ఈ కొలతలో అది అయిదు మీటర్ల బండరాయి అవుతుందని చెప్పాను. అందుకని ఇసుకకు బదులు పిండి. చీమకుర్తి గ్రానైటు కోతలో నీళ్ళతో కలిసి బయటికి వచ్చే బూడిద రంగు బురద ఎండితే మైదాకన్నా మెత్తగా ఉంటుంది. ఒంగోలు నుంచి ఒక సంచి తెచ్చాను. అదే చవుటినాటి మట్టి.

జనవరి 26

చెక్క వంగింది. అట్టలు అంటించి పైన పుట్టీ పూశాను కదా, పైవైపు పూత ఆరుతూ బిగుసుకుంది, కిందివైపు ఏ పూతా లేదు. తెల్లారేసరికి నాలుగు మూలలూ పైకి లేచి పళ్ళెంలా అయింది. కింద నాలుగు అడ్డపట్టీలు మేకులతో బిగించి, అడుగున కూడా రంగు కొట్టి, మీద ఇటుకలు పెట్టాను. మూడు రోజులకు దారికొచ్చింది. ఈ పని మొదటే చేయాలని నాకు తెలుసు. తెలిసీ చేయకపోవడం వేరే విద్య.

ఫిబ్రవరి 2

ఈ వారం చెక్కను ముట్టుకోలేదు. డాబా మీద నీళ్ళాట.

రేవు పోవడానికి కారణం వెతుకుతున్నాం. చవుటినాటిలో ఒక ఏరు ఉంది, అది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒకప్పుడు పెద్ద రేవు ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు? మొగ పూడిపోయింది. సరే, ఎందుకు పూడింది?

అంట్లు తోమే పాత సిమెంటు తొట్టిలో ఒక పక్క ఇసుక గట్టు పోసి, మధ్యలో వేలితో ఏరు గీశాను. వెనక నుంచి ఆమె మగ్గుతో సన్నగా నీళ్ళు పోస్తూ ఉంది. ముందు నుంచి నేను చెక్కముక్కతో అలలు పుట్టించాను, తిన్నగా కాదు, కాస్త ఏటవాలుగా. మన తీరంలో అలలు అలాగే తగులుతాయి. నైరుతి గాలులప్పుడు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

మగ్గు నీళ్ళు బాగా పడుతున్నంతసేపు మొగ తెరుచుకునే ఉంది. ధార సన్నగిల్లగానే దక్షిణపు గట్టు నుంచి ఒక ఇసుక నాలుక బయలుదేరింది. ముందు వేలెడు, తరవాత జానెడు. ఏరు దాన్ని తప్పించుకోవడానికి ఉత్తరానికి వంగింది, ఇంకా వంగింది, ఒడ్డు వెంట వంకరగా పాకింది. ఇరవై నిమిషాల్లో నాలుక కొస అవతలి గట్టును తాకింది. లోపల నీళ్ళు నిలిచి, కదలక, మీద సబ్బు నురగ తెట్టెలా కట్టింది.

"చచ్చిపోయింది మామయ్యా" అంది. ఆ గొంతు విని మా అమ్మ మెట్లెక్కి వచ్చింది, ఏ పిట్టో తొట్టిలో పడిందనుకుని.

తరవాత మగ్గు మొత్తం ఒక్కసారిగా కుమ్మరిస్తే నాలుక తెగి మొగ మళ్ళీ తెరుచుకుంది.

అంటే పాడుపని సముద్రానిది కాదు. పైన ఎవరో మగ్గు వంచడం మానేశారు. నోటుపుస్తకంలో పడమటి దేశపు రాణికి ఒక ఆనకట్ట ఉంది, రెండేళ్ళ కిందట మేనకోడలు మురిపెంగా కట్టించినదే. ఆ దేశం కళకళలాడుతుంది, పండుగలున్నాయి, మామిడితోపులున్నాయి. ఆ పేజీ తీసి చాలాసేపు చూసింది. పక్కన పెన్సిలుతో "దీని వల్లే" అని రాసింది.

రేవు ఊరికి మూగమొగ అని పేరు పెట్టాం.

ఫిబ్రవరి 9

దొరువు చూడటానికి వెళ్ళాం. తాగునీరు లేకపోతే ఊరు ఉండదు, ఊరు లేకపోతే కథ ఉండదు కాబట్టి ఇది తప్పదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. దొరువంటే తీరపు ఇసుకలో తవ్విన వెడల్పాటి పల్లపు గుంట, బావి కాదు. ఒడ్లు ఏటవాలుగా దిగుతాయి. మనిషి రెండు చేతుల్లో రెండు బిందెలతో నడిచి దిగి, ముంచుకుని, నడిచి ఎక్కుతాడు. ఆ నీళ్ళతోనే నారుమళ్ళు, ఆకుకూరలు. మేము చూసినదాని నుంచి సముద్రం హోరు వినిపిస్తూనే ఉంది. ఆమె దోసిట పట్టి తాగింది. తియ్యగా ఉన్నాయి.

అక్కడి రైతుకు డెబ్బై ఏళ్ళు ఉంటాయి.

"ఇంకాస్త లోతు తవ్వుకోవచ్చు కదా పెద్దాయనా, ఎక్కువ నీళ్ళు వస్తాయి" అన్నాను, పట్నపు తెలివితో.

"లోతు పోతే ఉప్పు బాబూ. వాననీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి. మీగడ తీసినట్టు పైపైన తీసుకోవాలి. ఆత్రపడి కిందికి తవ్వితే పాలూ పోయె, మీగడా పోయె."

ఇంటికి వచ్చి లెక్క చెప్పాను. మంచినీటి కన్నా సముద్రపు నీరు వందకు రెండున్నర వంతులు బరువు. ఆ కాస్త తేడా వల్ల, ఇసుకలో మంచినీరు సముద్రమట్టానికి ఒక మీటరు పైకి నిలిస్తే కింద దాదాపు నలభై మీటర్ల వరకు ఉప్పునీటిని నొక్కి ఉంచుతుంది. పైన ఒక్క చేయి తోడేస్తే కింద నుంచి నలభై చేతుల ఉప్పు లేస్తుందన్న మాట. ఆ వాక్యాన్ని అలాగే శాసనంగా రాసుకుంది. చవుటినాటిలో రాజద్రోహానికి జరిమానా, మోకాలి లోతు దాటి గుంట తవ్వినవాడికి మరణశిక్ష. మరీ కఠినం అన్నాను. "వాడు చంపేది ఊరిని మామయ్యా" అంది. వాదించలేదు.

ఫిబ్రవరి 16

రెండు చందమామలు కావాలట. అక్కడా సముద్రానికి ఆటుపోట్లుంటాయి కాబట్టి కాదనలేదు, కానీ లెక్క కట్టాల్సిందే అన్నాను.

మన ఒడ్డున పోటుకూ పాటుకూ తేడా మీటరు ప్రాంతంలో ఉంటుంది. కిలోమీటరుకు మీటరు వాలు ఉన్న నేలలో ఒక మీటరు నీరు లేస్తే ఒక కిలోమీటరు లోపలికి వస్తుంది. నమూనాలో పది సెంటీమీటర్లు. రెండు చంద్రులూ కలిసి లాగిన రోజు మూడు మీటర్లు లేస్తుందనుకున్నాం. ముప్ఫై సెంటీమీటర్లు, సగం దేశం. దిబ్బను దాటి రాలేదు కాబట్టి ఏటి మొగలోంచి దూరి వెనక నుంచి నింపుతుంది. కానీ మొగ పూడి ఉంది కదా! పూడిన మొగే ఊళ్ళను కాపాడుతోంది. రేవు తెరవాలని కోరుకునేవాళ్ళూ, తెరిస్తే మునిగిపోయేవాళ్ళూ ఒకే దేశంలో ఉన్నారు. ఇది మేము అనుకుని చేసింది కాదు, అంకెలే తెచ్చి ఒళ్ళో పడేశాయి. ఆ రాత్రి ఆమె పదకొండు పేజీలు రాసింది.

పెద్ద చంద్రుడికి ముప్ఫై రోజులు, చిన్నవాడికి ఇరవై. "అరవై రోజులకొకసారి కలుస్తారు" అంది. అమావాస్యకే కాదు, పున్నమికీ పెద్ద పోటు ఉంటుందని గుర్తుచేశాను. ఒకరికి అమావాస్య, ఒకరికి పున్నమి పడ్డా ఇద్దరూ కలిసే లాగుతారు, కాబట్టి ముప్ఫై రోజులకొకసారి గండం. మొహం వాడింది, ఎందుకంటే నాలుగు అధ్యాయాలు తిరిగి రాయాలి.

ఫిబ్రవరి 23

మూగమొగ ఊరికి వేరే చిన్న పలక చేశాను. 45 సెంటీమీటర్ల చదరం, ఇక్కడ ఒక సెంటీమీటరుకు ఒక మీటరు. దిబ్బ థర్మోకోల్‌తో ఆరు సెంటీమీటర్ల ఎత్తు వచ్చింది, బాగా వచ్చింది. ఉత్సాహం ఆగక డబ్బా స్ప్రే పెయింటు కొట్టాను. థర్మోకోల్ కరిగి గుంటలు పడింది. ఆ పెయింటులో ఉండే ద్రావణి దాన్ని తినేస్తుంది. నీళ్ళ రంగు ఒక పూత పూసి ఆ పైన కొట్టాల్సింది. పారేయబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. గుంటలు పడిన భాగం అచ్చం తుఫాను కొరికిన దిబ్బలా ఉంది. ఉంచేశాం.

మా అమ్మ చూసి, "89 తుఫాను మర్నాడు ఇలాగే ఉండింది" అంది. ఆ నవంబరు తుఫాను తీరం దాటింది మా కావలి దగ్గరే. సరుగుడు తోపులన్నీ ఒకే వైపుకు దువ్వినట్టు పడిపోయాయని చెప్పింది. ఆ మాట పట్టుకుని చీపురు పుల్లలతో పాతిన మా తోపును పీకి, అన్ని చెట్లనూ పడమటికి వంచి మళ్ళీ పాతాను.

మార్చి 2

ఇక ఉప్పు. ఈ నమూనాలో నేను ఎక్కువ ఓడింది ఇక్కడే.

తెల్లటి పర్రకు, అంటే ఏదీ మొలవని చవుటి నేలకు, తెల్ల రంగు వేస్తే సుద్దలా ఉంది. మెరుపు లేదు. నిజమైన ఉప్పే వాడదామని ఇసకపల్లి వైపు మడుల నుంచి కల్లుప్పు తెచ్చి, నీళ్ళలో చిక్కగా కరిగించి, కుంచెతో పూత మీద పూత పూశాను. మధ్యాహ్నానికి ఆరి, గీతలు గీతలుగా పువ్వులు విచ్చినట్టు గడ్డకట్టింది. వంగి పక్క నుంచి చూస్తే కంటికి దేశం మొత్తం మిలమిలలాడింది. ఫొటోలు తీసి అందరికీ పంపింది.

తెల్లారి చూస్తే పర్ర లేదు. బురద ఉంది. ఉప్పంతా చెమ్మగిల్లి, దిబ్బల కిందికి కారి, పుట్టీ ఉబ్బింది. మధ్యాహ్నానికి మళ్ళీ ఆరి తెల్లబడింది, కానీ నిన్న ఉన్నచోట కాదు.

మార్చి 6

ఉప్పు పాకుతోంది. నేను పూయని చోటికి పోతోంది. చెక్క అంచు ఎక్కి, దిగి, అడ్డపట్టీల మీద తెల్లటి నూగులా మొలిచింది. వేలితో తుడిస్తే పోతుంది, రెండు రోజులకు మళ్ళీ వస్తుంది. జనవరిలో బిగించిన మేకుల తలలు తుప్పుపట్టి, ఒక్కొక్క మేకు కింద గోధుమరంగు చార దిగింది. రంగు పొరలు చేపపొలుసుల్లా లేచాయి. రెండు నెలల పని.

ఆమె నెల్లూరు హాస్టల్లో ఉంది. చెప్పలేదు.

మార్చి 9

ఆదివారం మడుల దగ్గరికే మళ్ళీ వెళ్ళాను, ఉప్పు మీద ఫిర్యాదు ఉప్పు చేసేవాళ్ళకే చెబుదామని. మార్చి కాబట్టి పని జోరుగా ఉంది. ఉప్పునీటిని ముందు పెద్ద మడుల్లో ఎండబెట్టి, చిక్కబడేకొద్దీ చిన్న మడుల్లోకి వదులుతారు. సముద్రపు నీటిలో ఉప్పులు వందకు మూడున్నర పాళ్ళే. ఎండుతూ పోతే ఉప్పు కన్నా ముందే జిప్సం దిగుతుంది, ఆ తరవాతే మనం తినే ఉప్పు. అది దిగాక మిగిలిన జిడ్డు నీరు చేదు. దాన్ని బయటికి వదిలేస్తారు.

కుప్ప ఎత్తుతున్న ఒక అక్కకు నా సంగతి చెప్పాను. నేను తీసుకెళ్ళిన ఉప్పు ఎక్కడిదని అడిగింది. గట్టు పక్క పాత కుప్పలోది అన్నాను. నవ్వింది.

"చేదునీరు సరిగా దిగని ఉప్పు అది అన్నా. పగలు నవ్వుతుంది, రాత్రి ఏడుస్తుంది."

చేదునీటిలో ఉండేది మెగ్నీషియం క్లోరైడు. అది గాలిలో తేమ మూడో వంతు దాటితే చాలు నీటిని లాగేస్తుంది. శుద్ధమైన ఉప్పుకు డెబ్బై అయిదు శాతం దాటాలి. మా ఊరి రాత్రులకు అదీ కష్టం కాదు. ఇంటికి వచ్చి రెండు సాసర్లలో ప్యాకెట్టు ఉప్పూ ఈ ఉప్పూ పక్కపక్కన పెట్టాను. పొద్దున్నకు ఒకటి పొడిగా ఉంది, ఒకటి కొలనైంది.

మార్చి 16

మొత్తం గీకేశాను. నాలుగు రోజులు పట్టింది. తడిగుడ్డతో మూడుసార్లు తుడిచి, ఆరబెట్టి, వార్నిషు పూసి, మళ్ళీ గ్రానైటు పిండి పరిచాను. పర్రలకు ఈసారి తెల్ల రంగులో గాజుపొడి కలిపాను. సుద్దలా లేదు, ఉప్పులా కూడా లేదు. ఫరవాలేదు.

ఆమె వచ్చి చూసింది. చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. మేకుల కింద చారలను చాలాసేపు చూసి, "ఏడ్చే ఉప్పు ఎక్కడ?" అంది.

మూలన ఒక చదరం మాత్రం ఉంచమంది. ఇరవై సెంటీమీటర్లు, పదిహేను సెంటీమీటర్లు. చుట్టూ గాజుపట్టీ అంటించి, అడుగున మూడు పూతల వార్నిషు వేసి, ఆ పాత ఉప్పునే పరిచాను. పేరు పెద్దపర్ర. ఆటకు నియమం కూడా అప్పుడే రాసేసింది. పెద్దపర్రను దాటాలంటే ఆడేవాళ్ళు వేలితో ముట్టుకుని చూడాలి. పొడిగా ఉంటే బండ్లు వెళ్ళవచ్చు. తడి తగిలితే ఆ పూట ప్రయాణం లేదు, పాచికలు ఏం చెప్పినా సరే. చవుటినాటి ముసలివాళ్ళు దీన్ని "నేల చెమర్చింది" అంటారు.

ఆటలో వాతావరణం కావలి వాతావరణమే అవుతుంది మరి అన్నాను. "అందుకే కదా" అంది.

మార్చి 30

తాళ్ళు. నాలుగు వందల తాడిచెట్లు, పాత టూత్‌బ్రష్షుల కుచ్చులు కత్తిరించి, కొసకు జిగురు రాసి, రంపపు పొట్టులో ముంచి. కళ్ళు పోయాయి.

చెట్లు పాతేటప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. ఇంత చదునైన తీరాన్ని సముద్రం మీది నుంచి ఎవరైనా ఎలా గుర్తుపడతారు? భూమి గుండ్రన కదా. పడవలో నిలబడ్డవాడి కంటికి, లెక్క ప్రకారం ఆరు మీటర్ల దిబ్బ పద్నాలుగు కిలోమీటర్ల లోపలికి వస్తే గాని తేలదు. దిబ్బ మీది తాడి తల ఇరవై మూడు కిలోమీటర్ల నుంచే తేలుతుంది. అంటే ముందు కనిపించేది నేల కాదు, చెట్టు. జంట తాళ్ళంటే మొగ, మూడు కలిసి ఉంటే మునిగిన రాళ్ళు, ఇలా గుర్తులు పెట్టుకున్నాం.

ఆమె చెయ్యి ఒక్కసారి ఆగింది. "మామయ్యా, జంట తాళ్ళను నరికి ఇంకోచోట నాటితే?"

ఓడ ఒడ్డెక్కుతుంది. సరుకు ఒడ్డువాళ్ళది.

మోటుపల్లి శాసనం గురించి అప్పుడు చెప్పాను. ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, మొన్నటిదాకా ప్రకాశంలోదే. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ సముద్రవర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోననీ అందులో ఉంది. సుంకం ముప్ఫైలో ఒక వంతు.

"ముందు దోచుకునేవాళ్ళన్నమాట" అంది, రెండో భాగం వదిలేసి. చవుటినాటికి అభయశాసనం ఇంకా రాలేదు. ఆటలో ఎవరైనా తెస్తారేమో చూడాలట. నేను దక్షిణపు దిబ్బ మీద ఒక జంట తాళ్ళను ఉండకూడని చోట పాతాను. ఎక్కడో ఆమెకు చెప్పలేదు.

ఏప్రిల్ 13

సముద్రం. ఎపాక్సీ రెసిన్ ఖరీదు చూసి కళ్ళు తిరిగాయి, కాబట్టి సముద్రాన్ని లోతు తగ్గించి మూడు మిల్లీమీటర్లకు కుదించాను. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది. ఎలాగూ రెండు పొరలుగా పోయాల్సిందే.

రంగు మీద మళ్ళీ పేచీ. ఆమె నీలం కలిపి పెట్టుకుంది. మన సముద్రం ఒడ్డు దగ్గర ఎప్పుడు నీలంగా ఉంది? పాలెక్కువైన టీ రంగు, ఆ అవతల బూడిద, దూరాన ఒక గీత మాత్రం ముదురు ఆకుపచ్చ. అలాగే వేశాను. అలల నురగ గీతకు పటిక పొడి వాడాను, ఉప్పు జోలికి పోకుండా. ఒక చీమ రెసిన్‌లో చిక్కుకుంది. తీయలేదు. కొలత ప్రకారం అది అరవై మీటర్ల జంతువు.

మే 4

స్నేహితురాళ్ళు నలుగురూ వచ్చారు. ముందు గదిలో బల్ల, దాని మీద చవుటినాడు, పక్కన మూగమొగ పలక. మొదటి పది నిమిషాలూ ఎవరూ కూర్చోలేదు. ఒక అమ్మాయి మోకాళ్ళ మీద వంగి, కన్ను బల్ల అంచుకు ఆనించి, "ఏమీ లేదేమిటి ఇక్కడ?" అంది. అంతలోనే, "ఆ జంట తాళ్ళ మధ్య నుంచి వెళ్దాం" అని పడవ తీసి సముద్రం మీద పెట్టింది. దక్షిణపు జంట అది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం నాలుగింటికి ఓడ పగిలిపోయి, మిగిలినవాళ్ళు కాలినడకన పెద్దపర్ర అంచుకు చేరారు. మేనకోడలు నియమం చదివింది. ఒకరి తరవాత ఒకరు గాజుపట్టీ లోపల వేలు పెట్టారు. తడి. వాళ్ళ మొహాలు చూడాలి. పర్ర మధ్యలో ఒక చిన్న నీటిచుక్క కూడా నిలిచింది, ఫ్యాను గాలికి వణుకుతోంది.

మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చిన మా అమ్మ అక్కడే ఆగింది. కళ్ళద్దాలు సర్దుకుని ఆ మూలకు చూసింది. గ్లాసులు నా చేతిలో పెట్టి గబగబా డాబా మీదికి వెళ్ళింది. రెండు చాపలూ చుట్టి, గుమ్మడి వడియాలన్నీ పళ్ళెంలోకి ఎత్తుకుని దిగింది.

వాన రాలేదు. వడియాలు మర్నాడు మళ్ళీ ఎక్కించాం.